చావు గంటకు ముందస్తు దరఖాస్తు

కాకినాడ జగన్నాయకపురంలో ఉప్పుటేరు ఒడ్డునున్న రేవు చర్చిని జాతీయ చిహ్నంగా గుర్తించారన్న కబురు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు గంట కొట్టే జకరయ్య. పాస్టరు నిరీక్షణరావుగారు ఆ ఉత్తరాన్ని ఆరాధనలో చదివి, మన గంట మోత ఢిల్లీ దాకా వినబడిందన్నారు. జకరయ్య ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మేశాడు. ఇంటికెళ్లి, తన రెక్కల్లో ఇంత బలముందని ఇన్నాళ్లూ తనకే తెలియలేదని భార్యతో చెప్పుకున్నాడు.

ఆదివారం ఆరాధనకు గంట కొట్టడం ఏ చర్చిలోనైనా ఉన్నదే. రేవు చర్చి గంటకు అసలు పని వేరే ఉంది. సంఘంలో ఎవరైనా పోతే, పోయినవాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు కొట్టాలి. తాతల నాటి ఆచారం అది. గంట మొదలైతే చాలు, పేటంతా ఎక్కడి పని అక్కడ ఆపి లెక్కపెట్టేది. చేపల కాసులమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపేది. మసీదు వీధి దర్జీ మస్తాన్ సాయిబు కుట్టు మిషను మీంచి కాలు తీసేవాడు. డెబ్భై దగ్గర ఆగితే ఫలానా తాత అనీ, ఎనభై దాటితే ఫలానా మామ్మ అనీ, చావు కబురు చల్లగా చెప్పేవాళ్లు బయల్దేరక ముందే పేటకు సంగతి తెలిసిపోయేది.

చిక్కేమిటంటే, జకరయ్యకు లెక్క రాదు. చిన్నప్పుడు రాహేలమ్మ టీచరుగారు రెండేళ్లు తంటాలు పడి నేర్పినా యాభై దాటాక అతని లెక్క దారి తప్పుతుంది. అందుకని అతను తన తాత పెట్టిపోయిన పద్ధతినే నమ్ముకున్నాడు. పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు ఎన్నేళ్లో అన్ని చింతగింజలు గుడ్డలో మూటగట్టి తెచ్చిస్తారు. అతను దెబ్బకొక గింజ చొప్పున పాత పాలడబ్బాలో వేస్తాడు. మూట ఖాళీ అయితే వయసు పూర్తయినట్టు. నలభై ఏళ్లుగా ఒక్క గింజ అటూ ఇటూ కాలేదు.

గుర్తింపు వచ్చిన నెలకు జాతీయ చిహ్నాల సంరక్షణ మండలివాళ్లు దిగారు. సండేస్కూలు గదిలో ఆఫీసు పెట్టారు, పిల్లలు వేపచెట్టు కిందికి మారారు. ప్రాంతీయ సంరక్షణాధికారి పేరు త్రివిక్రమం. పదవీ విరమణకు రెండేళ్ల దూరంలో ఉన్న భారీ మనిషి, మహా మర్యాదస్తుడు. ఎవరినీ ‘నువ్వు’ అనేవారు కాదు, దేనికీ ‘సరే’ అనేవారు కాదు. ఆయన బల్ల మీద నాలుగు వందల పేజీల నిబంధనావళి ఉండేది. అది ఎక్కడ తెరిచినా ఏదో ఒకటి కూడదనే ఉండేది.

ఆ నెలలోనే వడ్రంగి సమూయేలు పోయాడు. డెబ్భై ఒక్క గింజల మూట వచ్చింది. జకరయ్య గంట గోపురం నలభై ఒక్క మెట్లెక్కి తాడు పట్టుకున్నాడు. ఇరవైమూడో గింజ డబ్బాలో పడుతుండగా మండలివారి గార్డు రొప్పుకుంటూ వచ్చి, అనుమతి పత్రం ఏదని అడిగి, తాడు లాక్కున్నాడు.

పేటంతా ఇరవైమూడు లెక్కపెట్టింది. సంఘంలో ఇరవైమూడేళ్లవాడు ఒక్కడే, లైట్ల షాపులో పనిచేసే ఇమ్మానుయేలు. జనం గుండెలు బాదుకుంటూ వాళ్లింటికి పరిగెత్తారు. ఇమ్మానుయేలు అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. కాసులమ్మ వాణ్ణి పెసరట్టుతో సహా వాటేసుకుని ఏడ్చింది. వాళ్లమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని బయటికొచ్చి, ఇరవైమూడు గంటలు కొట్టారన్న మాట విని, కొడుకు కళ్లెదురుగా ఉండగానే సొమ్మసిల్లి పడిపోయింది. ఇంత గొడవలో పాపం అసలు పోయిన సమూయేలును పట్టించుకున్నవాళ్లు లేరు.

మర్నాడు సంజాయిషీ కోసం జకరయ్యను పిలిపించారు. త్రివిక్రమంగారు అతనికి కుర్చీ చూపించి, నిబంధనావళి తెరిచారు.

“చూడండి జకరయ్యగారూ. చిహ్నం ఆవరణలో వెలువడు ప్రతి ధ్వనియూ ఒక కార్యక్రమం. ప్రతి కార్యక్రమమునకూ ముప్పై దినములు ముందుగా దరఖాస్తు చేయవలెను. ఆదివారపు గంటకు ఏడాదికొక అనుమతి చాలు. మరణపు గంటకు మాత్రం ఏ మరణమునకు ఆ మరణమునకే తీసుకోవలెను.”

“పోవడం నెల ముందుగా ఎలా తెలుస్తాదండి?” అన్నాడు జకరయ్య.

“అది మండలి పరిధిలోని విషయం కాదు” అన్నారు త్రివిక్రమంగారు మర్యాదగా.

ఆపైన ఆయన నూట పద్నాలుగో నిబంధన కూడా చదివి వినిపించారు. ప్రతి కార్యక్రమం తరువాత, మోగినందువల్ల గంటకేమైనా నష్టం జరిగిందేమో సంరక్షణాధికారి స్వయముగా తాడు లాగి, మూడు పరీక్షా ఘాతములు వేసి నిర్ధారించవలెనట. కొడితే పాడైందేమో తెలుసుకోవడానికి మళ్లీ కొట్టడమేమిటో జకరయ్యకు బోధపడలేదు. అయినా ఆ నిబంధన వల్ల ఎవరికీ బాధ లేదు. నలభై ఒక్క మెట్లు త్రివిక్రమంగారి మోకాళ్లకు సరిపడవు కాబట్టి, ప్రతి ఆదివారం ఆయన కుర్చీలోంచి లేవకుండానే ముగింపు ఫారంలో ఆ గడిలో ‘సంతృప్తికరం’ అని రాసేవారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మనకు వర్తించదనుకున్నామే అని పాస్టరుగారు నిట్టూర్చారు. సంఘ పెద్దలు మూడు సార్లు కూడారు. ప్రార్థన చేశారు, టీ తాగారు, జాతీయ చిహ్నమన్న గౌరవం పోగొట్టుకోరాదని తీర్మానించారు.

ఆ తీర్మానం విని రాహేలమ్మ టీచరుగారు తన పాత కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆవిడ మిషను బడిలో ముప్పై ఆరేళ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక సందులో రెండు గదుల్లో ఒక్కరే ఉంటారు. పేటలో సగం మందికి అక్షరాలు దిద్దబెట్టింది ఆవిడే. ఆవిడకు తొంభై ఒక్కేళ్లు. సమాధి మీద రాయి కూడా వద్దన్నారు. ఒక్కటే కోరిక, తన తొంభై ఒక్క గంటలూ మోగాలి, ఆ పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి లెక్కపెట్టాలి. “నేను నేర్పిన లెక్కే కదరా, చివరిసారి అప్పజెప్పించుకుని పోతాను” అనేవారు జకరయ్యతో. అతను మాటిచ్చి పదేళ్లయింది.

ఆగస్టులో ఒక సోమవారం ఆవిడ జకరయ్యను గొడుగు పట్టమని, నడిచి మండలి ఆఫీసుకు వెళ్లారు. దరఖాస్తు ఫారం తీసుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు. కార్యక్రమం పేరు దగ్గర ‘రాహేలమ్మ మరణము’ అని రాశారు. ముఖ్య అతిథి దగ్గర ‘నేనే’ అని రాశారు. హాజరు కాగలవారి సంఖ్య దగ్గర కాసేపు ఆలోచించి, ‘వాన లేకపోతే మూడు వందలు’ అన్నారు. తేదీ దగ్గర అక్టోబరు పది వేశారు.

“ఆ రోజే ఎందుకండి?” అన్నాడు జకరయ్య.

“దసరా సెలవులు కదరా. నా దగ్గర చదివి టీచర్లయినవాళ్లు చాలామంది ఉన్నారు. బడి మానక్కర్లేకుండా రావచ్చు.”

త్రివిక్రమంగారి ముఖం వెలిగిపోయింది. ఆయన సర్వీసులో ఒక్క కొట్టివేత లేని దరఖాస్తు చూడటం అదే మొదటిసారి. అయితే వయసు దగ్గర ఆయన కలం ఆగింది. దరఖాస్తులో తొంభై ఒకటి ఉంది. ఆవిడ జతచేసిన బడి సర్టిఫికెట్టు ప్రకారం ఎనభై ఎనిమిదే. పుట్టినతేదీ జూలై ఒకటి.

టీచరుగారు సంగతి చెప్పారు. తండ్రి రేవులో మూటలు మోసేవాడు. బోర్డింగు బడిలో ఐదేళ్లు దాటినవాళ్లను ఒకటో తరగతిలో చేర్చుకోబోమన్నారు. ఆవిడకప్పటికి ఎనిమిది. హెడ్మాస్టరు జాలిపడి, మూడేళ్లు కొట్టేసి, ఊళ్లో పిల్లలందరికీ వేసే జూలై ఒకటే ఆవిడకూ వేశాడు. అసలు తేదీ ఈ చర్చి బాప్తిస్మపు రిజిస్టరులోనే ఉంది, ఒక్క పేజీ తిప్పి చూస్తే చాలన్నారు.

రిజిస్టరు పక్క గదిలోనే ఉంది. మండలివారు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఎవరో ఓడ కెప్టెను బిడ్డ బాప్తిస్మం రాసిన పేజీ దగ్గర తెరిచి ఉంది. పేజీ తిప్పితే ప్రదర్శన స్వరూపంలో మార్పు అవుతుందనీ, దానికి కేంద్ర కమిటీ అనుమతి కావాలనీ, ఆ కమిటీ ఐదేళ్లకొకసారి కూడుతుందనీ త్రివిక్రమంగారు బాధగానే చెప్పారు.

టీచరుగారు, ఎదురుగా ఉన్నవాడు ఒకటో తరగతి పిల్లాడైనట్టు నెమ్మదిగా చెప్పారు.

“బాబూ, నాకు రెండున్నరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. మీ కాగితం ప్రకారం నేను పుట్టేనాటికి మా అమ్మ పోయి ఆరు నెలలు. ఆ కొట్టేసిన మూడేళ్లలోనే నాకు అమ్మ ఉంది. మిగతా ఎనభై ఎనిమిదీ లేకుండానే గడిపాను. ఆ మూడు గంటలూ లేకపోతే ఎలాగయ్యా?”

త్రివిక్రమంగారు సర్టిఫికెట్టు కేసి చాలాసేపు చూశారు. “రికార్డు పరంగా దానికి అభ్యంతరం లేదండి మామ్మగారూ” అన్నారు చివరికి, తలెత్తకుండానే. తల్లి పోయిన ఆరు నెలలకు బిడ్డ పుట్టడానికి రికార్డులో అభ్యంతరం లేదని ఆయన భావం. ఎనభై ఎనిమిది ఘాతములకు అనుమతి పత్రం రాసి, రెండు చేతులతో అందించారు.

దారిలో జకరయ్య ఉడికిపోయాడు. కాగితం సంగతి కాగితానిదేననీ, ఆ రోజున తను తొంభై ఒకటీ కొట్టి తీరతాననీ, ఎవడడ్డొస్తాడో చూస్తాననీ అన్నాడు.

“వద్దురా. నా పేరు మీద దొంగ లెక్క మోగకూడదు. ఇచ్చినన్నే కొట్టు” అన్నారు టీచరుగారు. ఇంటికెళ్లాక చింతగింజలు ముందేసుకుని లెక్కపెట్టి, ఎనభై ఎనిమిది మూటగట్టి ఇచ్చారు. అదే గుడ్డ కొంగున ఇంకో మూడు గింజలు విడిగా ముడివేశారు. అవెందుకని అతను అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని భయపడ్డాడు.

టీచరుగారు అనుమతి తెచ్చుకున్నారన్న వార్త పేటలో గుప్పుమంది. ఢిల్లీ వెళ్లి పెద్దాసుపత్రి చూసొచ్చినవాడికి కూడా అంత పేరు రాదు. డెబ్భై దాటినవాళ్లంతా తామేం తక్కువ తిన్నామని సోమవారానికల్లా మండలి గుమ్మం ముందు వరస కట్టారు. క్రిస్మస్ లోపు ఎవరికీ ఇష్టం లేకపోయింది, కేకులు పోతాయి కదా. అందరూ జనవరి కోరారు. ఒకే తేదీకి ఇద్దరు వస్తే రెండో ఆయన్ను వెనక్కి పంపారు. ఆయన మండిపడుతూ, తను ఆ ముందాయన కంటే ఏడాదిన్నర పెద్ద అనీ, ఏ లెక్కన చూసినా తనదే ముందనీ వాదించాడు. భార్యాభర్తలొకరు ఉమ్మడి కార్యక్రమానికి దరఖాస్తు పెట్టి, ఇద్దరి వయసులూ కలిపి నూట యాభై తొమ్మిది అడిగారు. పాస్టరుగారు బుధవారపు బైబిలు క్లాసు ఆపి, ఫారాలు నింపడం నేర్పసాగారు. చిహ్నం పట్ల స్థానిక ప్రజలలో అపూర్వ స్పందన కలదని మండలి వార్షిక నివేదికలో పడింది.

అక్టోబరు పది వచ్చింది. టీచరుగారు ఉతికిన తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, మంచం మీద పడుకున్నారు. జకరయ్య మూట పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆవిడకు ఆకలేసింది. చారన్నం తిని, ఇవాళ కాదనుకుంటానురా అన్నారు. జకరయ్య ప్రభువుకు వందనాలు చెప్పుకుని ఇంటికెళ్లి, రెండు రోజులుగా తినని తిండి ఒక్కసారిగా తిన్నాడు.

పదకొండో తారీఖున మెమో వచ్చింది. తమరు జరుపతలపెట్టిన కార్యక్రమము నిర్ణీత తేదీన జరుపకపోవుటకు గల కారణములను ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెనని దాని సారాంశం. టీచరుగారు పోస్టుకార్డు మీద జవాబు రాశారు: ‘ఆ రోజు ఒంట్లో బాగుంది. చిత్తగించవలెను.’

త్రివిక్రమంగారు కారణం సమంజసమేనని అంగీకరించి, నవంబరు ముప్పై దాకా పొడిగించారు. ఇదే ఆఖరు పొడిగింపు అని కింద ఎర్రసిరాతో గీత గీశారు. ఆ తరువాత ఆయన రెండుసార్లు ఆ సందులోకి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, మామ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని జకరయ్యను అడిగి వెళ్లారు. గడువు కోసం అడుగుతున్నాడని జకరయ్య పళ్లు కొరుక్కున్నాడు.

టీచరుగారు ఉద్యోగంలో ఉన్న ముప్పై ఆరేళ్లలో ఏనాడూ బడికి ఆలస్యంగా వెళ్లలేదు. నవంబరు ఇరవై ఎనిమిదిన, గడువుకు ఇంకా రెండు రోజులుండగానే, పొద్దున కాఫీ తాగి, గ్లాసు బోర్లించి, గోడకానుకుని కూర్చుని వెళ్లిపోయారు.

పది గంటలకు జకరయ్య మూట తీసుకుని గంట గోపురం మెట్లెక్కాడు. గార్డు పక్కనే నిలబడి చేతిలోని లెక్కమిషను నొక్కుతున్నాడు. జకరయ్యకు కళ్లు కనబడటం లేదు, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. దెబ్బకొక గింజ డబ్బాలో పడుతోంది. కింద పేట ఆగిపోయింది. మూట ఖాళీ అయింది.

“ఎనభై ఎనిమిది. ఆపండి” అన్నాడు గార్డు.

జకరయ్య ఆపాడు. టీచరుగారి మాట దాటలేదు. ముడి ఉన్న గుడ్డ, డబ్బా పట్టుకుని నలభై ఒక్క మెట్లూ దిగి, ఆఖరి మెట్టు మీద కూలబడి, ఆ కొంగు ముడి విప్పాడు. గంట ఆగి నిమిషం దాటింది, రెండు నిమిషాలు దాటింది. గేటు అవతల కాసులమ్మ కత్తిపీట మీంచి చెయ్యి తీయలేదు. మస్తాన్ సాయిబు మిషను మీద కాలు పెట్టలేదు. టీచరుగారికి ఎన్నేళ్లో పేటకు తెలుసు. అందరూ తలెత్తి గంట కేసి చూస్తూ, లెక్క తప్పు వచ్చిన పిల్లల్లా నిలబడిపోయారు.

త్రివిక్రమంగారు కార్యక్రమ ముగింపు ఫారం తీసుకుని వచ్చారు. పరీక్షా ఘాతముల గడిలో అలవాటు ప్రకారం రాయబోయి, జకరయ్య అరచేతిలో మూడు గింజలు చూశారు.

“అవేమిటండి?”

“మిగిలిపోయినయ్యండి” అన్నాడు జకరయ్య. “టీచరుగారికి అమ్మ ఉన్నప్పటివండి.”

త్రివిక్రమంగారు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. నూట పద్నాలుగో నిబంధన ప్రకారం తనిఖీ స్వయముగా జరుపవలెనని, ఎవరూ అడగకపోయినా గట్టిగా అన్నారు. చెప్పులు విడిచి, పంట్లాము కాస్త పైకి మడిచి, మెట్లెక్కడం మొదలుపెట్టారు. పది మెట్లకొకసారి ఆగారు. జకరయ్య డబ్బా పట్టుకుని వెనకే ఎక్కాడు, ఆయన పడితే పట్టుకోవాలి కదా.

పైకి చేరాక ఆయన రెండు చేతులతో తాడు పట్టుకుని బలంగా లాగారు. గంట ఊగింది కాని మోగలేదు.

“లాగి ఒదిలెయ్యాలండి. పట్టుకునుంటే మోగదు” అన్నాడు జకరయ్య.

ఆయన లాగి వదిలారు. గంట మోగింది. జకరయ్య గింజ వేశాడు. రెండోది మోగింది. మూడోది అన్నిటికంటే గట్టిగా మోగి, ఉప్పుటేరు అవతలి పడవల మీదికి కూడా వెళ్లింది. కిందనుంచి మస్తాన్ సాయిబు కుట్టుమిషను చప్పుడు మెల్లగా మళ్లీ మొదలైంది.

త్రివిక్రమంగారు తాడు పట్టుకునే ఆయాసం తీర్చుకున్నారు. “నాదీ జూలై ఒకటేనండి జకరయ్యగారూ” అన్నారు. “అసలుది ఎప్పుడో చెప్పేందుకు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.”

జకరయ్య ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఆ రోజు మండలి ఫైల్లోకి రెండు కాగితాలు చేరాయి. అనుమతించిన ఘాతములు ఎనభై ఎనిమిది, జరిగినవి ఎనభై ఎనిమిది అని ఒక దాంట్లో ఉంది. పరీక్షా ఘాతములు మూడు, సంరక్షణాధికారి స్వయముగా వేసినారు, గంట సంతృప్తికరము అని రెండో దాంట్లో ఉంది. ఆ తరువాత ఎందరో పెద్ద అధికారులు ఆ ఫైలు చూసి సంతకాలు పెట్టారు. ఆ రెండు కాగితాల్లోని అంకెలూ కలిపి చూడాలని ఇంతవరకు ఒక్కరికీ తోచలేదు. వాళ్లెవరూ రాహేలమ్మ టీచరుగారి దగ్గర చదువుకోలేదు.